రెండు తూర్లు చదవమన్న పాపానికి

ఆ రోజుల్లో, అంటే మా అవ్వల కాలం అనుకునేరు, అంత పాతది కాదు, మూడేండ్ల కిందటి మాటే, గొంతు అనేది కూడా ఒక ఆస్తేనని నాకు తెలీదు. ఇల్లుంటే పట్టా ఉంటాది, ఎనుముంటే మెడకు పలుపు ఉంటాది, గొంతుకు ఏముంటాది? నోట్లోంచి బయటికొచ్చినాక అది గాలి, దాన్ని ఎవురు కట్టేసుకుంటారు అనుకునేదాన్ని. నా గొంతు కూడా ఎవురైనా ఎత్తుకుపోయేంత ముచ్చటైంది కాదు లెండి. నేను నగరిలో మరమగ్గాల ఇంట్లో పుట్టి, ఇంకో మరమగ్గాల ఇంట్లోనే మెట్టినాను. పొద్దున ఆరింటికి మగ్గాలు తిరగడం మొదలైతే, ఉప్పు డబ్బా యాడుండాదని అడగాలన్నా అరవాల్సిందే. అట్ల అరిచి అరిచి మా వీధిలో ఆడోళ్ళందరి గొంతులూ గరుకు కాగితం మాదిరి ఐపోయినాయి, అందర్లోకీ నాది ఇంకొంచెం గరుకు. నా పెండ్లిసూపుల పొద్దు కరెంటు పోయి మగ్గాలన్నీ నిలిచిపోయినాయి. ఆ సంగతి మరిచిపోయి, నేను అలవాటు కొద్దీ "కాఫీలో చక్కెర సాలిందా?" అని అడిగితే పెండ్లికొడుకు చేతిలో గ్లాసు జారిపోయింది. ఆ గ్లాసు జారిపోయిన మనిషే నాతో పద్నాలుగేండ్లు కాపురం చేసి, ఒక పొద్దు మగ్గం కాడే కూలబడి పోయినాడు. దాని గురించి ఈడ జాస్తి చెప్పను, చెప్పడం మొదలుపెడితే ఈ కథ నవ్వే కథగా మిగల్దు.

మా ఆయన పోయినాక తిరపతికొచ్చి, బస్టాండు కాడ ఒక టిఫిన్ హోటల్లో పనికి కుదిరినాను. కౌంటరు కాడ నిలబడి "రెండు నెయ్యి దోశ, ఒకటి ఉల్లి ఊతప్పం" అని లోపల వంటింటికి వినపడేట్టు అరవడమే నా పని. ఒకరోజు ఒకాయన ఇడ్లీ సగంలో వదిలేసి, చేయి కూడా కడుక్కోకుండా నా దగ్గరికొచ్చినాడు. చట్నీ నీళ్ళగా ఉండాదని తగువుకొచ్చినాడేమో అనుకుని, "నేను చేసింది కాదు సార్, లోపల అడుక్కోండి" అన్నాను. "చట్నీ గురించి కాదమ్మా, నీ గొంతు గురించి" అన్నాడు. "దానికి నేనేం చేసేది సార్, పుట్టుకతో వచ్చింది" అన్నాను. తీరా చూస్తే ఆయనది ఆటోలకు కట్టే మైకుల్లో వచ్చే ప్రచారాలు రికార్డు చేసే స్టూడియో అంట. "నున్నటి గొంతులు ఎవురూ వినడం లేదమ్మా, నీ గొంతు వింటే వీధిలో ఉండే మనిషి తిరిగి చూడాల్సిందే" అన్నాడు. ఆయన్ని మేము ఎకో సారు అంటాము, ఎందుకంటే కోళ్ళ దాణా ప్రచారానికి కూడా ఎకో పెట్టనిదే ఆయన మనసు నిలవదు.

స్టూడియో అంటే ఏమేమో ఊహించుకుని పట్టుచీర కట్టుకుని పోయినాను. ఫ్లెక్సీలు కొట్టే అంగడి పైన రెండు గదులు. లోపలి గది గోడల నిండా కోడిగుడ్ల అట్టలు, వాటి మీద పాత బొంతలు. ఫ్యాను శబ్దం మైకులో పడతాదని ఫ్యాను ఉండదు. నడుమ పెద్ద అద్దం, అద్దానికి అవతల రికార్డు చేసే అమ్మి కంప్యూటరు ముందర కూర్చుని ఉంటాది, మేము కళ్ళద్దాలామె అంటాము. బయటి గదిలో బెంచీ, బెంచీ పైన గోడకు ఒక స్పీకరు. ప్రచారం చేయించుకునేవాళ్ళు ఆడ కూర్చుని, లోపల మైకులో వచ్చేదంతా వింటారు. బాగుంటే తలకాయ ఊపుతారు, బాగలేకుంటే తలుపు కొడతారు.

ఇంక నా చదువంటారా, మూడో తరగతి. నేను అక్షరాలు కూడబలుక్కుని "శ్రీకాళహస్తి" అని బోర్డు చదివేలోగా ఆ బస్సు ఏర్పేడు దాటి పోయింటాది. అందుకని నేనూ కళ్ళద్దాలామే ఒక పద్ధతి పెట్టుకున్నాము. నేను చెవులకు గొట్టాలు, అదే హెడ్‌ఫోన్లు, తగిలించుకుంటాను, ఆయమ్మి కాగితం చూసి రెండు తూర్లు చదువుతాది. మొదటి తూరి మాటల కోసం, రెండో తూరి ఊపిరి యాడ తీయాలో దాని కోసం. అంతే, మూడో తూరి నేను చెప్పేస్తాను, ఒక్క అక్షరం అటూఇటూ పోదు. ఎకో సారు ఇదేదీ ఎప్పుడూ చూడలేదు. రికార్డింగు జరిగినంతసేపూ ఆయన మెట్ల మీద ఫోనులో ఉంటాడు. ప్రచారానికి మూడొందలు ఇచ్చేవాడు. ఒక్కో రోజు రెండు మూడు కూడా వచ్చేవి. నేను హోటలు పని మానేసి, వీధిలో ఆటో పోతా ఉంటే "అది నేనే" అని పక్కింటామెకు ఎచ్చులు పోయేదాన్ని.

ఆ ఎచ్చులన్నీ దిగింది మా అత్త ఫోనుతో. మా అత్త నగరిలోనే ఉండాది. ఫోనెత్తగానే "ఏమే, ఊరికొచ్చి ఇల్లు తొక్కకుండా పోతావా?" అని అరిచింది (మా అత్త గొంతు ముందర నాది పిల్లనగ్రోవి).

"నేనెప్పుడొచ్చినాను అత్తా?"

"నాలుగు రోజుల కిందట ఆటోలో రాలేదా? మన వీధిలో మూలశంక మందు అమ్మలేదా? 'సిగ్గుపడొద్దు అమ్మా, ఆపరేషను వద్దు, ఆస్పత్రి వద్దు' అని నువ్వే కదా మొత్తుకుంటివి? నేను కొంగు సర్దుకుని పరిగెత్తి ఆటో పట్టుకుంటే ముందర డ్రైవరొక్కడే ఉండాడు. నా కోడలు యాడరా అంటే నగతాడు."

"అత్తా, నేను ఆ మందు ప్రచారం చెప్పనే లేదు."

"ఊరుకోమే. నా కోడలి గొంతు నాకు తెలీదా? నువ్వు చెప్పినావని రెండు సీసాలు కొన్నాను. డాక్టరు రాసిచ్చిన మాత్రలు నిలిపేసి నాలుగు రోజులాయ. కడుపులో ఒకటే మంట."

ఆ సీసాలు తీసి కాలవలో పొయ్యి అత్తా, మాత్రలు ఇప్పుడే మింగు, సందేళకు డాక్టరు దగ్గరికి పో అని బతిమాలి, ఫోను పెట్టేసి కూర్చున్నాను. నేను మొదట్నుంచీ చెప్పినవన్నీ ఒకటొకటే గుర్తు తెచ్చుకున్నాను. పరుపులు, కోళ్ళ దాణా, చీరల తగ్గింపు, జాతర. మందు అనే మాటే లేదు. మరి నేను లేకుండా నా గొంతు నగరికి ఎట్ల పోయింది? దయ్యం పట్టిందంటారే, ఆ మాదిరి నన్ను చూసుకుంటే నాకే భయమేసింది.

మర్నాడు పొద్దున్నే స్టూడియోకు పోయినాను. ఎకో సారు నవ్వుతా ఎదురొచ్చినాడు. "అది నువ్వు కాదమ్మా, నీ గొంతు. నీ పాత రికార్డింగులన్నీ కంప్యూటరుకు వినిపించినాము. అది నేర్చేసుకునింది. ఇప్పుడు మనం ఏం టైపు కొడితే అది నీ మాదిరి చెప్తాది. నీకు రావాల్సిన పని కూడా లేదు, ఎండలో ఎందుకు తిరగతావు చెప్పు" అన్నాడు, నాకేదో మేలు చేసినట్టు. కళ్ళద్దాలామె తల ఎత్తలేదు. "మంచి టైముకొచ్చినావు, రా రా" అని నన్ను లోపలి గదిలోకి తీసుకుపోయినాడు.

బయటి బెంచీ మీద తెల్లచొక్కా వేసుకున్న ఒకాయన కూర్చోని ఉండాడు. బెంగళూరులో ఉండే అంగళ్ళ కంపెనీ మనిషంట. పలమనేరు నుంచి నాయుడుపేట దాకా ఊరూరా అంగళ్ళు తెరుస్తారంట, అన్నిటికీ నా గొంతే కావాలంట, పన్నెండు గంటల బస్సుకు ఆయన పోవాలంట. లోపల టేబులు మీద ఒక కాగితం, కాగితం మీద మూత తీసిన పెన్ను, పక్కన ఒక కవరు. "ముప్పై వేలు. ఒకే తూరి. సంతకం పెట్టు, తీసుకుని ఇంటికి పో" అన్నాడు ఎకో సారు. నేను పుట్టి బుద్ధెరిగినాక ముప్పై వేలు ఒక్క చోట చూసింది లేదు. కవరు మూత అంటించలేదు, నోట్ల అంచులు కనపడతా ఉండాయి. (అవి కావాలనే అట్ల పెట్టినాడని ఇప్పుడు అనిపిస్తాది.) నేను వద్దంటే ఏమవుతాదో కూడా నాకు తెలుసు. హోటల్లో నా తావున ఇంకొకామె చేరిపోయింది. ఈ స్టూడియో తలుపు మూసుకుంటే నాకు ఇంకో తలుపు లేదు.

"మందు ప్రచారం ఆపేస్తారా సార్?" అన్నాను. "అన్నీ దీంట్లోనే ఉండాయమ్మా" అన్నాడు. "ఐతే చదవండి" అన్నాను. ఆయన కాగితం చేతికి తీసుకుని గొంతు సవరించుకుని చదివినాడు: "నేను నా గొంతును ఒక సంవత్సర కాలమునకు, అంగళ్ళ ప్రచారమునకు మాత్రమే ఇచ్చుచున్నాను. మందులకు వాడరాదు. ఆపైన వాడవలెనన్న నన్ను అడిగి, మరల డబ్బు ఇచ్చి వాడవలెను." వింటా ఉంటే నా మనసు మెత్తబడిపోయింది. పాపం ఎంత మంచాయన, నేను ఊరికే అనుమానపడినానే అనుకున్నాను. పెన్ను కూడా తీసుకున్నాను. పేరులో మొదటి అక్షరం పెట్టబోతా, అలవాటు కొద్దీ నోరు దానంతట అదే అనేసింది: "రెండో తూరి చదవండి సార్."

"ఎందుకు?"

"ఊపిరి కోసం."

ఆయనకు అర్థం కాలేదు. విసుక్కుంటా మళ్ళీ ఎత్తుకున్నాడు: "నేను నా గొంతును రెండు సంవత్సరముల కాలమునకు, ప్రచారమునకు ఇచ్చుచున్నాను. ఆపైన వాడవలెనన్న నాకు తెలియజేసి వాడవలెను."

"సార్, ముందర ఒక సంవత్సరం అన్నారు. ఇప్పుడు రెండన్నారు. అంగళ్ళకు మాత్రమే అన్నారు, ఇప్పుడు ఆ మాట లేదు. మందుల మాటా పోయింది. అడిగి, డబ్బిచ్చి అన్నారు, ఇప్పుడు ఊరికే తెలియజేసి అంటారు" అన్నాను. అని, ఆయన మొదట చదివిందంతా ఆయన సవరించుకున్న గొంతుతో సహా అప్పజెప్పినాను. ఎకో సారు కాగితం సర్దుకున్నాడు. "అదే, అదే, చూపు తప్పింది" అని మూడో తూరి చదివినాడు. ఈ తూరి సంవత్సరం ఒకటయింది గానీ ముప్పై వేలు ఇరవై ఐదయింది. అప్పుడు నేను కాగితం చూడడం మానేసి ఆయన కళ్ళు చూసినాను. చదివేవాళ్ళ కళ్ళు పక్కకు జరగతా పోయి, వరస ఐపోగానే ఎనక్కి తిరుగుతాయి. నాకు చదువు రాదు గానీ చదివేవాళ్ళను చూడడం వచ్చు, రోజూ అద్దంలోంచి చూసేది అదే కదా. ఈయన కళ్ళు కాగితం నడిమధ్యలో ఒకే తావున నిలిచిపోయి ఉండాయి.

గదిలో గాలి లేదు. నా రవిక తడిసి వీపుకు అంటుకుపోయింది. ఆయన నుదుటి నుంచి ఒక చెమట బొట్టు జారి కాగితం మీద పడింది. "నాకు కళ్ళద్దాలామె చదవాల సార్. నేను రోజూ పని చేసే మాదిరి" అన్నాను.

"ఆయమ్మికేం పని దీంట్లో? గమ్మున సంతకం పెట్టు. బస్సు టైమయిపోతాది."

"ఆయమ్మి చదవకుంటే నాకు ఎక్కదు సార్."

నేను పోయి నా స్టూలు మీద కూర్చుని చెవులకు గొట్టాలు తగిలించుకున్నాను. ఆయన "తమాషాగా ఉండాదా?" అని అరిచినాడు, కానీ గొట్టాలుంటే అరుపు కూడా దూరంగా ఉంటాది. అద్దం అవతల కళ్ళద్దాలామె నన్ను చూసింది, ఆయన్ని చూసింది. ఆయమ్మి జీతమూ ఆయన చేతిలోనే. ఇంట్లో పక్షవాతం వచ్చిన వాళ్ళ నాయన. ఇదంతా నాకు తెలుసు, తెలిసీ అడిగినాను, ఆ సంగతి తలుచుకుంటే ఈ పొద్దుకీ నాకు సిగ్గే. వద్దులే అమ్మణ్ణీ అందామని నేను నోరు తెరిచేలోగా ఆయమ్మి లేచొచ్చి, ఆయన చేతిలో కాగితం లాక్కుని పోయి, తన కుర్చీలో కూర్చునింది. రోజూ పరుపుల ప్రచారం చదివే గొంతుతోనే, ఎక్కువా లేదు తక్కువా లేదు, చదివింది.

"నేను నా గొంతును శాశ్వతముగా, ఏ ఊరిలోనైనను, ఏ భాషలోనైనను, ఏ వస్తువునకైనను, మందులతో సహా, యంత్రము ద్వారా తయారుచేసిన గొంతుతో సహా, పూర్తిగా ఇచ్చివేయుచున్నాను. ఇకమీదట సొమ్ము అడుగను. అభ్యంతరము చెప్పను. నా వారసులు కూడా చెప్పరు."

తర్వాత, నేను అడక్కుండానే, రెండో తూరి కూడా చదివింది.

రెండు తూర్లు వింటే నాకు వచ్చేసినట్టే. నేను మైకు ముందరికి జరిగి, ఊపిరి నిండా తీసుకుని, జాతరకు పిలిచే మాదిరి ఎత్తుకున్నాను. "అమ్మలారా, అయ్యలారా! నేను నా గొంతును శాశ్వతముగా..." అని మొదలుపెట్టి వారసుల దాకా ఒక్క అక్షరం పోకుండా చెప్పి, "అని ఈ కాగితంలో ఉండాది! దీనికి నేను ఒప్పుకోలేదు! మూలశంక మందు చెప్పింది నేను కాదు! డాక్టరు మాత్రలు నిలపొద్దు!" అని ముగించినాను. బయటి గదిలో స్పీకరు అదిరిపోయింది. కింద ఫ్లెక్సీ అంగడోళ్ళు మిషను నిలిపేసి మెట్లెక్కి వచ్చేసినారు.

తెల్లచొక్కా ఆయన తలుపు తీసుకుని లోపలికొచ్చినాడు. "ఏం సార్, ఆమె ఎప్పుడో ఒప్పుకుందన్నారే?" అన్నాడు. ఎకో సారు "చదువు రాని మనిషి సార్, ఏదో అర్థం చేసుకునింది" అన్నాడు. "నాకైతే చానా బాగా అర్థమయింది సార్, స్పీకరులో" అన్నాడు ఆయన. అని టేబులు మీది కవరు తీసి బ్యాగులో పెట్టుకుని జిప్పు వేసినాడు. నేను ధర్మం మాట్లాడినానే గానీ, నా కళ్ళు మాత్రం ఆ జిప్పు ఎనకే పోయినాయి. ముప్పై వేలు బెంగళూరు బస్సెక్కి పోతా ఉండాది.

"ఇంక ఈ ఊర్లో నీకు మైకు ఎవుడిస్తాడో సూస్తాను" అన్నాడు ఎకో సారు. నేను స్టూలు మీంచి లేవలేదు. "చూసుకోండి సార్. మందు ఆటో నిలిపేదాకా, కంప్యూటరులో నా గొంతు తీసేదాకా మటుకు ఈడనే కూర్చుంటాను" అన్నాను. ఆయన నగినాడు. నేను మా అత్తకు ఫోను కలిపి, ఆ మందు ప్రచారం చేసినాయన ఈడనే ఉండాడు అత్తా అని చెప్పి మైకు ముందర పెట్టినాను.

"ఎవురప్పా ఆడ?" అనింది మా అత్త. స్పీకరు కుయ్యిమనింది. "నా కోడల్ని ఆటోలో పెట్టి అమ్మినోడివి నువ్వేనా? నీ మందు తాగి నాలుగు రోజులు నేను ఒక తావున కూర్చుంటే ఒట్టు. నీకు అమ్మ లేదా? ఆయమ్మకు పొయ్యి రెండు సీసాలు. ఉండు, నేనే వస్తాను, ఏడున్నర బస్సుకు వస్తాను, వచ్చి మీ ఇంటి ముందర కూర్చుంటాను, కూర్చోలేకుంటే నిలబడతాను!"

ఎకో సారు తన జన్మలో మొదటి తూరి ఎకో లేకుండానే ఎకో విన్నాడు. మెట్ల నిండా జనం నగతా ఉంటే, మందాయనకు ఫోను చేసి ఆటో నిలపమన్నాడు. కళ్ళద్దాలామె నన్ను పక్కన నిలబెట్టుకుని కంప్యూటరులో నా గొంతు చూపించింది. ఎగుడుదిగుడు గీతలు, మగ్గం మీద పోగులు తెగినట్టు. "తీసేస్తాను అక్కా" అనింది. ఒక్క మీట నొక్కితే అన్నీ పోయినాయి. ఇంకెవురి దగ్గరన్నా ఉండాయేమో దేవుడికే తెలియాల.

ఆ తర్వాత ఐదు నెలలు నాకు మైకు లేదు. కళ్యాణ మంటపాల్లో గిన్నెలు తోమినాను. మా అత్త కడుపు నెమ్మదించింది గానీ, నోరు నెమ్మదించలేదు. కళ్ళద్దాలామెను కూడా ఆ నెలాఖరుకే తీసేసినారు. ఆయమ్మి వాళ్ళ ఇంట్లో ఒక గదికి బొంతలు కట్టి, అప్పుచేసి మైకు కొని, నన్ను పిలిచింది. ఇప్పుడు ప్రతి పనికీ ఒక కాగితం. దేనికి, ఎన్నాళ్ళకు, ఎంతకు, యంత్రానికి నేర్పకూడదు అని రాసుంటాది. తెల్లచొక్కా ఆయన కూడా వచ్చినాడు, ఒక సంవత్సరానికి, అంగళ్ళకు మాత్రమే. రేటు కూడా నేనే చెప్తాను, చెప్పేటప్పుడు ఇప్పటికీ గొంతు సన్నబడతాది, అది వేరే సంగతి.

కానీ ఆ పొద్దు మాట ఒకటి చెప్పాల. ఫ్లెక్సీ అంగడోళ్ళు దారి ఇస్తా ఉంటే, తల ఎత్తుకుని, గెలిచిన మనిషి మాదిరి మెట్లు దిగి రోడ్డెక్కినాను. పది అడుగులు వేసినాక తెలిసింది, చెప్పులు పైనే తలుపు కాడ విడిచేసినానని. తిరపతి ఎండ, మిట్టమధ్యాన్నం, తారు రోడ్డు. ఎనక్కి పోతే ఎకో సారు ఎదురుగా నిలబడి చెప్పులేసుకోవాల. పోలేదు. అంగళ్ళ నీడలు ఎతుక్కుంటా, ఒక కాలి మీద ఒక కాలు పెట్టుకుంటా, ఎగిరెగిరి బస్టాండు దాకా నడిచినాను. దారిలో ఒకామె "ఏం మొక్కు అక్కా?" అని అడిగితే, "పెద్ద మొక్కే అమ్మా" అన్నాను. ఇప్పటి నేనైతే గమ్మున మెట్లెక్కి చెప్పులేసుకుని వచ్చుంటాను. వాటికి నూట ఎనబై రూపాయలు పెట్టినాను మరి. అట్ల ఎగరతా పోయిన ఆ పిచ్చిదాన్ని తలుచుకుంటే మటుకు, ఒంటరిగా కూర్చున్నా నవ్వొస్తాది. నవ్వినంతసేపూ అరికాళ్ళు చురుక్కుమంటానే ఉంటాయి.